చిత్రగుప్తుడు లేని లెక్క

2003 ఖరీఫ్ మొదట్లో పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా పల్లెల్లో ఒక కొత్త సరుకు అమ్మకానికి వచ్చింది. దాని పేరు వానబీమా. తయారుచేసింది ఐసీఐసీఐ లాంబార్డ్ కంపెనీ. లెక్క కట్టడంలో సాయపడింది ప్రపంచ బ్యాంకు నిపుణులు. ఊళ్లకు తెచ్చింది బేసిక్స్ సంస్థ. మహబూబ్‌నగర్ కేంద్రంగా 2001 నుంచి నడుస్తున్న తన కృష్ణా భీమా సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంకు ద్వారా ఆముదం, పల్లి వేసే రైతులకు దాన్ని అమ్మింది. పంట ఎంత పోయిందో చూడడానికి ఎవరూ చేనుకు రారు. పంచనామా లేదు, మండలాఫీసు చుట్టూ తిరుగుడు లేదు. వర్షమాపకంలో ఫలానా హద్దు కంటే తక్కువ వాన నమోదైతే, తగ్గిన ప్రతి మిల్లీమీటరుకూ ఇన్ని రూపాయలని చేతికొస్తాయి. తొలి ఏడు చేరిన రైతులు మూడు వందల లోపే. అయినా దేశంలో ఈ తరహా బీమాకు అదే మొదలు. వానబీమా మీద రాసే ఆర్థికవేత్తలు ఈనాటికీ పాలమూరు పేరు ఎత్తుతుంటారు.

ఆ ముందటేడు, 2002 జూలైలో, దేశం మొత్తం మీద పడాల్సిన వానలో సగం పడలేదు. పాలమూరుకు కరువు కొత్త కాదు గనక కరువుకు చేసుకున్న ఏర్పాట్లూ పాతవే. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని ప్రాజెక్టు పనులకో, ముంబై పుణెలకో వలసపోవడం. గొర్రెలనో ఎడ్లనో తెగనమ్మడం. చుట్టాల దగ్గర చేబదులు. శివాలయంలో జలాభిషేకం, ఈద్గాలో వాన కోసం నమాజు, రోకలికి కప్పను కట్టి వేపాకులు చుట్టి ఇంటింటికీ తిరిగే పిల్లల కప్పతల్లి ఆట. కొత్త బీమా ఈ వరుసలో చివరన వచ్చి నిలబడింది. చూడడానికి చిన్న వ్యాపార ప్రయోగమే గాని, అది కదిలించిన ప్రశ్న చాలా పాతది. వాన పడకపోవడం ఎవరి తప్పు? ఎవరి తప్పూ కాకపోతే ఆ నష్టాన్ని మోయాల్సింది ఎవరు?

కరువు వస్తే విరాటపర్వం చదివించే ఆచారం తెలుగు పల్లెల్లో ఉంది. పద్దెనిమిది పర్వాల్లో ఆ ఒక్కటే ఎందుకన్నదానికి జవాబు కథలోనే దొరుకుతుంది. అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల్ని ఎలా పట్టుకోవాలని కౌరవ సభ తర్జనభర్జన పడుతుంటే భీష్ముడు ఓ దారి చెబుతాడు. ధర్మరాజు ఉన్నచోట వానలు వేళకు కురుస్తాయి, పాడికీ పంటకూ కొదవుండదు, అలాంటి దేశం ఎక్కడుందో వెతకమంటాడు. వేగులవాళ్లు మనుషుల ముఖాలు వెతుకుతుంటే పితామహుడు వానను ఆనవాలుగా పట్టుకున్నాడన్నమాట. నేరుగా కొలవలేనిదాన్ని, దానితోపాటు పెరిగీ తరిగే మరోదానితో కొలవడాన్ని గణాంకశాస్త్రం సూచిక అంటుంది. భీష్ముడి లెక్కలో వాన రాజు ధర్మానికి సూచిక. అంగరాజు రోమపాదుడి కథ ఇదే లెక్కకు రెండో కొస. రాజు తప్పు చేశాడు, వానలు ఆగాయి, ఋష్యశృంగుడు అడుగుపెడితే గాని కురవలేదు.

ఈ ఆలోచనలో ఒక బలముంది. చినుకు రాలకపోతే పాలకుడు జవాబు చెప్పుకోవాలి. అయితే అదే ఆలోచనను కాస్త వంచితే ఎండిన ఊరే పాపం చేసి ఉంటుందన్న మాట కూడా పుడుతుంది. 1934లో బీహార్‌ను భూకంపం కూల్చేసినప్పుడు అది అస్పృశ్యతా పాపానికి శిక్ష అని గాంధీ అన్నారు. ప్రకృతి ఉత్పాతాలకు భౌతిక కారణాలే ఉంటాయని, వాటికి నీతిని ముడిపెట్టొద్దని టాగూర్ అభ్యంతరం చెప్పారు. గాంధీ ఆ జవాబును తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, తన మాట మీదే నిలబడ్డారు. ఈ వాదంలో ఎక్కువమంది చదువరులు టాగూర్ పక్షం వహిస్తారు, సహజంగానే. ఒక చిక్కు మాత్రం మిగులుతుంది. భూకంపానికి నీతి లేదని ఒప్పుకున్నాక, కూలిన గుడిసె ఎవరు కట్టించాలన్నదానికి ఆ ఒప్పుదలలో సమాధానం లేదు. గాంధీ లెక్కలో కనీసం పాపం చేసినవాడికి ప్రాయశ్చిత్తం అనే బాధ్యత ఉంది. టాగూర్ లెక్కలో ఆ బాధ్యతను వేరే ఎక్కడి నుంచో తేవాలి.

పాలమూరు వానబీమా సరిగ్గా ఆ ఖాళీలోకి వచ్చింది.

అది పనిచేసే తీరు చూడాలి. 2004 నాటి పాలసీలో వానకాలాన్ని మూడు దశలుగా కోశారు. విత్తే దశకు 35 రోజులు, పూత కాత దశకు 35 రోజులు, కోతల దశకు 40 రోజులు. మొదటి రెండింటిలో వాన తగ్గితే డబ్బు, మూడోదాంట్లో మితిమీరితే డబ్బు. జూన్ 1 నుంచి కురిసిన వాన మొత్తం 50 మిల్లీమీటర్లు దాటిన రోజున మొదటి దశ మొదలవుతుంది. జూలై 1 వరకూ దాటకపోతే ఆ రోజు దానంతటదే మొదలు. ఒక రోజులో రెండు మిల్లీమీటర్ల కంటే తక్కువ పడితే అది లెక్కలోకి రాదు, మట్టిలోకి దిగకముందే ఆవిరైపోతుంది గనక. అరవై దాటి ఎంత పడ్డా అరవైగానే రాసుకుంటారు, మిగతాది పారిపోతుంది గనక. ఇదంతా ఎవరో ఆఫీసులో కూర్చుని చేసిన లెక్కే అయినా, చేను ఎరిగినవాడి లెక్కలాగే ఉంది. ముసురు చినుకుతో దుక్కి పదునెక్కదని, కుండపోతతో చెరువు నిండినా చేనుకు దక్కేది కొంతేనని పాలమూరు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ లెక్కలో ఎక్కడా రైతు లేడు. అతను దున్నాడా లేదా, మందు కొట్టాడా లేదా, అసలు ఆముదం వేశాడా లేదా అని పాలసీ అడగదు. కష్టపడినవాడికీ గట్టు మీద పడుకున్నవాడికీ చేతికొచ్చేది ఒకే మొత్తం. కర్మ సిద్ధాంతం చెప్పేదానికి ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ చేసినవాడికి చేసినంత, రవ్వంత తేడా రాకుండా చిత్రగుప్తుడి చిట్టాలో ఉంటుంది. ఇక్కడ ఎవరు ఏం చేశారన్న చిట్టాయే లేదు. బీమా నిపుణులు దీన్ని గొప్ప సుగుణంగా చెబుతారు. దొంగలెక్కలు చూపడానికి వీల్లేదు, పంటను కావాలని పాడుచేసుకునే ఆశ ఉండదు, తనిఖీ ఖర్చు ఉండదు. నిజమే. మనిషిని చూడకపోవడం వల్లే ఈ బీమా చవక, అందువల్లే అది పేదవాడి దాకా రాగలదు.

అదే దాని లోపం కూడా. వర్షమాపకం దగ్గర కురిసి చేను మీద కురవకపోతే? దక్కన్ పీఠభూమి మీద వాన ఒక పొలాన్ని తడిపి పక్క పొలాన్ని వదిలేయడం కొత్త విషయమేం కాదు. రైతు పంట ఎండిపోయింది, కాగితం మీద మాత్రం వాన పడింది. పాలసీ పరంగా అతనికి నష్టమే జరగలేదు. బీమా పరిభాషలో దీన్ని బేసిస్ రిస్క్ అంటారు.

ఈ చిక్కు వేద పండితులకూ ఒకప్పుడు ఎదురైంది. పైరు ఎండిపోతున్నప్పుడు వాన కోసం చేసే ఇష్టి ఒకటుంది, దాని పేరు కారీరి. స్వర్గం కోసం చేసే యాగమైతే ఫలితం వచ్చిందో రాలేదో బతికున్నవాడెవడూ తేల్చలేడు. కారీరి అలా కాదు, ఫలితం ఈ జన్మలోనే, ఈ చేలోనే కళ్లముందు కనబడాలి. అందుకే మీమాంసకులకు అది ఇహలోక ఫలానికి ఉదాహరణ అయింది. మరి ఇష్టి చేసినా వాన రాకపోతే? చెప్పిన ఫలం కనబడదు గనక వేదవాక్యం అబద్ధమని ఎవరైనా అంటే ఏం చెప్పాలన్నది గౌతముడి న్యాయసూత్రాల్లోనే చర్చకు వచ్చింది. అక్కడ సంప్రదాయం ఎత్తుకున్న ఉదాహరణ సంతానం కోసం చేసే పుత్రకామేష్టి. సూత్రకారుడి జవాబు క్లుప్తంగా ఉంటుంది. వాక్యంలో దోషం లేదు, కర్మలోనో కర్తలోనో సాధనంలోనో లోపం ఉంటుంది. చేయాల్సిన పద్ధతి తప్పి ఉండొచ్చు, చేసినవాడు అర్హుడు కాకపోవచ్చు, వాడిన సామగ్రి మంచిది కాకపోవచ్చు.

వానబీమా కంపెనీ వాదం కూడా ఈ అచ్చులోనే పడుతుంది. పాలసీ తప్పు కాదు, వర్షమాపకం దూరంగా ఉంది. లేదా రైతు దశల లెక్క అర్థం చేసుకోలేదు. లేదా పంట పోయింది వాన లేక కాదు, పురుగు వల్ల. ఈ జవాబుల్లో కొన్ని నిజం కూడా. అయితే ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరని మాటను నమ్మమనడం భక్తుడికి చెల్లుతుందేమో గాని, ప్రీమియం కట్టిన ఖాతాదారుకు చెల్లదు. రెంటికీ మధ్య అసలు తేడా మరోచోట ఉంది. ఇష్టిలో సాధనలోపం ఏమిటో ఎవరూ కొలిచి చూపలేరు. వర్షమాపకం దూరాన్ని మాత్రం టేపు పెట్టి కొలవొచ్చు, దగ్గరికి జరపొచ్చు, పదింతలు చేయొచ్చు. తెలంగాణలో అదే జరిగింది కూడా. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘం చేతిలో ఇప్పుడు వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. మండల కేంద్రంలో ఉద్యోగి పొద్దున్నే గాజు గొట్టం ఎత్తి చూసి రిజిస్టరులో రాసుకునే చోట, యంత్రం తనే కొలిచి తనే పంపిస్తోంది.

వాన మీద డబ్బు పెట్టడం జూదం కాదా అన్న ప్రశ్నా పాతదే. కలకత్తా బడాబజారులో వ్యాపారులు వాన పడుతుందా లేదా అని పందేలు కాసేవారు. దాన్ని ఆపడానికి 1897లో బెంగాల్ ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టమే చేసింది. వానను కొలవడం, దాని మీద డబ్బు చేతులు మారడం ఇక్కడా అక్కడా ఒకటే. మరి 1897లో నేరమైనది 2003లో అభివృద్ధి ఎలా అయింది? చేను ఉన్నవాడు భయంతో కడతాడు, చేను లేనివాడు ఆశతో కాస్తాడు అన్నది మామూలు జవాబు. పాలమూరు పాలసీ చేను ఉందా అని నిలదీసి అడగలేదన్నది గుర్తుంచుకుంటే ఈ గీత అంత గట్టిదేం కాదు. ఋగ్వేదంలో జూదరి సూక్తం పాచికలు వదిలి సేద్యం చేసుకొమ్మని చెబుతుంది. వానాధారపు సేద్యమే పాచికలాటయితే ఎటు పోవాలో ఆ ఋషి చెప్పలేదు.

ఇస్లాం ధర్మశాస్త్రం ఈ విషయంలో మరింత సూటిగా ఉంటుంది. అనిశ్చితిని కొనడం, అమ్మడం తగదన్న సూత్రం మీద చాలామంది ఉలేమాలు వాణిజ్య బీమాను ఒప్పుకోలేదు. దానికి బదులుగా తకాఫుల్ పద్ధతి వచ్చింది. అందులో కట్టేది ప్రీమియం కాదు, ఒకరికొకరు ఇచ్చుకునే విరాళం. నష్టపోయినవాడికి ఆ ఉమ్మడి సొమ్ములోంచి ఇస్తారు. దస్తావేజు చివర చేతికొచ్చే అంకె ఒకటే కావచ్చు గాని, కష్టాన్ని అమ్ముకోవడానికీ పంచుకోవడానికీ తేడా ఉందన్న ఆ పట్టుదలను కొట్టిపారేయలేం. నిజానికి వానబీమా ఆలోచన కూడా పాతదే. మైసూరులో జె.ఎస్. చక్రవర్తి దాన్ని 1915లోనే రాసి, 1920లో పుస్తకంగా తెచ్చారు. లెక్కలో ఆయన పథకం పాలమూరు పాలసీకి ముత్తాతే. ఎనభై ఏళ్లకు పైగా అది కాగితం మీదే ఉండిపోయింది.

ఇంతకీ కొన్నదెవరు? 2004లో జేవియర్ జీనే, రాబర్ట్ టౌన్సెండ్, జేమ్స్ వికరీ అనే ఆర్థికవేత్తలు మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో సర్వే చేశారు. బీమా మీద చదువుకున్న సిద్ధాంతం ప్రకారం భయస్తులు ముందుకు రావాలి. జరిగింది ఎదురు. నష్టమంటే ఎక్కువ జంకేవాళ్లే బీమాకు దూరంగా ఉన్నారు. వాళ్లకు వాన కంటే ఆ కాగితమే పెద్ద ప్రమాదంగా కనబడింది. కొన్నవాళ్లలో కొంచెం కలిగినవాళ్లు, బేసిక్స్‌తో అప్పటికే పరిచయం ఉన్నవాళ్లు ఎక్కువ. ఎందుకు కొనలేదంటే ఎక్కువగా వినబడిన జవాబులు రెండు. అర్థం కాలేదు, చేతిలో పైసల్లేవు.

తర్వాత 2006లో షాన్ కోల్, మరికొందరితో కలిసి ఇదే బృందం ఆంధ్రప్రదేశ్‌లోనూ గుజరాత్‌లోనూ మరో అడుగు ముందుకేసింది. కొన్ని ఇళ్లకు బీమా గురించి చెప్పే మనిషిని ఒంటరిగా పంపారు. కొన్ని ఇళ్లకు ఊరికి తెలిసిన బేసిక్స్ మనిషి వచ్చి ఇతను మావాడే, నమ్మొచ్చు అని పరిచయం చేశాడు. పాలసీ అదే, ధర అదే. పరిచయం ఉన్నచోట కొన్నవాళ్లు మూడో వంతుకు పైగా పెరిగారు. గుజరాత్‌లో కరపత్రాల మీద గుడి బొమ్మ వేసినవి, మసీదు బొమ్మ వేసినవి, ఏదీ లేనివి పంచి చూశారు. మిల్లీమీటర్ల బీమా అమ్మడానికి దేవుడి బొమ్మ సాయపడుతుందేమో కనుక్కోవాలన్న ఆలోచన ఆర్థికశాస్త్రవేత్తలకే వచ్చిందన్నమాట. అదృష్టం మీద చీటీలు వేసి ఎవరికి ఏ కరపత్రం వెళ్లాలో తేల్చడం వారి పద్ధతి. దైవాధీనం అని జనం అనేదాన్ని శాస్త్రం సత్యం తేల్చే పనిముట్టుగా మార్చుకుంది.

చీటీలు వేయడం నల్గొండ కూడా చూసింది. ఉపాధి హామీ కూలీ, పింఛన్ల పంపిణీకి వేలిముద్రల స్మార్ట్‌కార్డులు ప్రవేశపెట్టినప్పుడు నల్గొండతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి కార్డులు ముందు, ఏ మండలానికి వెనక అన్నది 2010లో లాటరీ ద్వారా నిర్ణయమైంది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్‌ల అధ్యయనం అది. కార్డులొచ్చిన మండలాల్లో కూలీ డబ్బు త్వరగా అందింది, మధ్యలో జారిపోయేది తగ్గింది, లబ్ధిదారుల్లో పదికి తొమ్మిది మంది పాత పద్ధతి కంటే ఇదే నయమన్నారు. పక్క మండలం కూలీ ఎందుకు ఆగాలి అంటే చీటీలో అలా వచ్చింది. పూర్వజన్మ ఫలం అని చెప్పడం కంటే ఇది నిజాయితీ గల జవాబు. ఆగినవాడికి ఓదార్పుగా మాత్రం రెండూ ఒకటే.

వానబీమా దగ్గరికి మళ్లీ వద్దాం. చేతిలో పైసల్లేవన్న జవాబును బడిపిల్లల సాకులా తీసేయడం తేలిక. ఆ 2006 ప్రయోగంలోనే కొందరికి వంద రూపాయలు ఇచ్చి చూశారు. ఇచ్చినచోట బీమా కొన్నవాళ్లు రెట్టింపు దాటిపోయారు. ఇక్కడే పాలమూరు రైతుకు బాగా తెలిసిన ఒక ఒప్పందాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. అది మొక్కు. కురుమూర్తి స్వామికో, మన్యంకొండ వెంకన్నకో, దర్గాకో మొక్కుకున్న రైతు ముందు ఏమీ కట్టడు. వానలు పడి, కాలం అయి, పంట ఇంటికొచ్చాక చెల్లిస్తాడు. కురుమూర్తి జాతర కూడా దీపావళి దాటాకే, కోతల మీద చేతిలో కాస్త డబ్బు ఆడే వేళకే వస్తుంది. బీమా ఒప్పందం దీనికి తిరగేసి ఉంది. విత్తనానికీ ఎరువుకూ అప్పు పుట్టని జూన్‌లో ప్రీమియం కట్టాలి, అందేది ఏమైనా ఉంటే చెడ్డకాలంలో. నిపుణులు రైతుకు బీమా అర్థం కాలేదన్నారు గాని, డబ్బు ఎప్పుడు అడగాలో బీమా రాసినవాళ్లకూ పూర్తిగా అర్థమైనట్టు లేదు. చాలా ఏళ్ల తర్వాత కెన్యాలో చెరకు రైతుల మీద లొరెంజో కసబురి, జాక్ విల్లిస్ చేసిన ప్రయోగంలో ప్రీమియం ముందే అడిగితే నూటికి ఐదుగురు చేరారు, పంట డబ్బులోంచి కోసుకుంటామంటే 72 మంది చేరారు. మొక్కులోని కిటుకు అదే. దేవుడు ముందస్తు వసూలు చేయడు.

ఫలితం వైపు చూస్తే బీమాకు మరో ఇబ్బంది ఉంది. మూడు దశాబ్దాల వాన లెక్కలను ఈ పాలసీల మీద పెట్టి చూస్తే, సగటున వంద రూపాయల ప్రీమియానికి తిరిగి వచ్చేది ముప్పై రూపాయల చిల్లర. పది దశల్లో దాదాపు ఒక దశలోనే ఏమైనా చేతికొస్తుంది. వచ్చినప్పుడు మాత్రం భారీగా రావచ్చు. అంటే ఏటా గిల్లే కరువుకు ఇది మందు కాదు, ఇరవై ఏళ్లకోసారి నడ్డి విరిచే కరువుకు. ఎన్నో ఏళ్లు కట్టి ఒక్క పైసా చూడనివాడు ఇంకా కట్టాలంటే అతనికి కావలసింది లెక్కల చదువు కంటే ఓపికతో కూడిన నమ్మకం. అది ఆస్తికుల సొత్తు అనుకుంటాం.

ఈ నమ్మకం పాలమూరులో అప్పటికే మరో రూపంలో ఉందని చెప్పిన ఊరు ఔరేపల్లి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ 1975లో మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామాల్లో ఇంటింటి ఖర్చూ రాబడీ రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ పుస్తకాలు పట్టుకుని టౌన్సెండ్ 1994లో అచ్చువేసిన పత్రం అర్థశాస్త్ర విద్యార్థులకు పాఠమైంది. ఒక ఇంటి రాబడి కుప్పకూలినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోవడం లేదు, ఊరి సగటుతోపాటే నడుస్తోంది. అప్పులు, చేబదుళ్లు, చుట్టరికాలు కలిసి ఊరే ఒక మోస్తరు బీమాగా పనిచేస్తోంది. ఇందులో పల్లె మంచితనం మాత్రమే చూసి మురిసిపోవడం తగదు. భూమి లేనివాళ్లకు ఈ అండ తక్కువన్న ఆనవాళ్లూ ఆ లెక్కల్లోనే ఉన్నాయి. పైగా ఊరంతా ఒకేసారి ఎండితే ఎవరు ఎవరికి చేబదులిస్తారు? కరువు అంటే అదే. ఊరి ధర్మం చేతులెత్తేసే చోటే ఊరి బయట నుంచి వచ్చే బీమా అవసరం.

వానను రైతు ఎలా ఊహిస్తాడో కూడా పరిశోధకులు అడిగారు. జూన్, జూలై అని అడిగితే కుదరలేదు, కార్తెల్లో అడగాల్సి వచ్చింది. రోహిణి, మృగశిర, ఆరుద్ర అని గళ్లు గీసిన కాగితం ముందు పెట్టి, చేతికి గులకరాళ్లిచ్చి, వాన ఏ కార్తెలో మొదలయ్యే అవకాశం ఎంత అనుకుంటే ఆ గడిలో అన్ని రాళ్లు పెట్టమన్నారు. నక్షత్రాల పంచాంగం, సంభావ్యతా సిద్ధాంతం ఒకే కాగితం మీద కలుసుకున్నాయి, ఏ గొడవా లేకుండా. రైతు దృష్టిలో రుతుపవనం రావడమంటే వాతావరణ శాఖ ప్రకటన కాదు, విత్తడానికి చాలినంత తడి భూమిలోకి దిగడం.

అడ్డాకులలో ఇంకో ప్రయోగం జరిగింది. ఆదర్శ మహిళా సమాఖ్య అనే మహిళా సంఘాల సమాఖ్యతో కలిసి ఇక్రిశాట్ 2000ల దశకంలో కంప్యూటర్ల సమాచార కేంద్రం పెట్టించింది. మండలంలో ఏ ఊరికి కరువు ముప్పు ఎంతో రంగుల పటంగా వేసి సమాఖ్య మహిళలకు ఇచ్చారు. పంచాంగ శ్రవణంలో వాన దేశానికంతటికీ ఇన్ని కుంచాలు. ఈ పటంలో ఊరికో రంగు. నీటి ఎద్దడి ఎక్కడ ముందొస్తుందో తెలిస్తే పశుగ్రాసం, నీళ్ల ట్యాంకర్ల గురించి ముందే అడగొచ్చు. విధి అనుకున్నప్పుడు అర్జీ పెట్టడానికి ఆఫీసు ఉండదు. ఎరుపు రంగు పడిన పటం చేతిలో ఉంటే మండలాఫీసు మెట్లెక్కొచ్చు. డిజిటల్ పనిముట్ల గురించి ఎన్ని గొప్పలు చెప్పినా పేదవాడి వైపు నుంచి చూస్తే వాటి అసలు విలువ ఇక్కడే ఉంది. అవి వానను తేలేవు, రాని వానకు ఒక తేదీ, ఒక అంకె, అంటే ఒక సాక్ష్యం ఇవ్వగలవు.

తర్వాతి చరిత్ర అంత ఉత్సాహంగా లేదు. వాతావరణ ఆధారిత బీమా 2007 నుంచి కేంద్ర పథకంగా నడిచింది. 2016లో ఫసల్ బీమా వచ్చింది. 2020 ఖరీఫ్ నుంచి తెలంగాణ దాని నుంచి తప్పుకుంది. మరోవైపు 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఎల్ఐసీ ద్వారా కుటుంబానికి 5 లక్షల రూపాయలు, ప్రీమియం ప్రభుత్వానిదే. ఎన్నో ఇళ్లను నిలబెట్టిన పథకం అది, అందులో సందేహం లేదు. కౌలుదారుకు మాత్రం పట్టా లేదు గనక అందులో చోటు లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తత్వవేత్తను కలవరపెట్టే చిత్రం కనబడుతుంది. ఆ ఏళ్లలో దేవరకొండ మెట్ట మీద పత్తి వేసిన రైతు పంటకు బీమా లేదు, అతని చావుకు ఉంది. ఏ కారణమూ అడగకుండా, ఏ తప్పూ ఎంచకుండా డబ్బు ఇవ్వడం సాధ్యమేనని రాజ్యం ఒప్పుకుంది, కాకపోతే మనిషి పోయాకే.

ఈలోగా కొలతలు మాత్రం ఆగలేదు. గద్వాల నుంచి భువనగిరి దాకా ఏ మండలంలో రాత్రి ఎన్ని మిల్లీమీటర్లు పడిందో తెల్లారేసరికి ఫోన్లలో తిరుగుతోంది. ఆ అంకె వల్ల ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ పడరు. బాకీ పడే ఒకే ఒక్క సందర్భం మండలాన్ని కరువు మండలంగా ప్రకటించడం. కేంద్రం 2016లో తెచ్చిన కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం ముందు వాన లోటు, వరుసగా వాన సరిగా పడని వారాలు చూస్తారు. తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం, నేలలో తడి, చెరువుల్లో నీరు. ఆ పైన పదో వంతు ఊళ్లకు మనుషులు వెళ్లి చేలు కళ్లారా చూసి రావాలి. యంత్రాలు అన్నీ చెప్పాక కూడా ఆఖరి మాట చేను గట్టు మీద నిలబడిన మనిషిదేనని ఆ మాన్యువల్ రాసినవాళ్లకు తెలుసు. ఆ పరిశీలనకు వచ్చిన అధికారికి ఊరివాళ్లు ఏ చేను చూపిస్తారు, ఏ చేను దాటేస్తారు, కౌలుదారు చేను ఎవరి పేరు మీద రాసుకుంటారు అన్నది ఏ వాతావరణ కేంద్రమూ కొలిచేది కాదు. కరువు జాబితాలో తమ మండలం ఎందుకు లేదని అడగడానికి వెళ్లినవాళ్లు మాత్రం ఇప్పుడు చేతిలో మిల్లీమీటర్ల కాగితం పట్టుకునే వెళ్తున్నారు.